సంతకం పెట్టని క్వార్టర్‌బ్యాక్‌లు

అమెరికన్ ఫుట్‌బాల్‌లో దాదాపు ప్రతి ఎత్తుగడా క్వార్టర్‌బ్యాక్ చేతిమీదుగానే నడుస్తుంది. బంతి అందిన రెండు మూడు సెకన్లలో ఎవరికి విసరాలో అతను తేల్చుకోవాలి. ఆలోగా నూట ఇరవై కిలోల మనుషులు అతని మీదికి ఉరుకుతుంటారు. మంచి క్వార్టర్‌బ్యాక్ దొరికితే పదేళ్లపాటు టీమ్‌కి ఢోకా ఉండదు. దొరకని టీములు ఏళ్ల తరబడి వెతుకుతూనే ఉంటాయి. అతనిమీద ఇంతగా ఆధారపడే యజమానులకూ అతనికీ మధ్య కాంట్రాక్టు దగ్గర పేచీలు అరవై ఏళ్లుగా తెగడం లేదు. చూడ్డానికి ఇదంతా డబ్బు గొడవలాగే ఉంటుంది. నేను గమనించినంతలో మాత్రం మొదటి పాతికేళ్లూ ఎక్కడ ఆడాలన్న హక్కు కోసం పోట్లాడారు, ఆ తర్వాత దెబ్బ తగిలితే నష్టం ఎవరు భరించాలన్న దాని కోసం పోట్లాడుతున్నారు.

1965లో క్వార్టర్‌బ్యాక్ జో నేమత్‌కి బేరమాడే అవకాశం దక్కడానికి కారణం ఒక్కటే: అప్పట్లో లీగులు రెండు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో సెయింట్ లూయిస్ కార్డినల్స్, పోటీ లీగైన ఏఎఫ్‌ఎల్‌లో న్యూయార్క్ జెట్స్ ఆయన కోసం పట్టుబట్టాయి. జెట్స్ 4,27,000 డాలర్లకు ఒప్పించి తీసుకుంది. ఆ పోటీ ఖర్చు తట్టుకోలేక మరుసటి ఏడాదే రెండు లీగులూ విలీనానికి ఒప్పుకున్నాయి. కొనేవాడు ఒక్కడే మిగిలాక ఆటగాడి బేరం ఎలా ఉంటుందో జో క్యాప్ కథలో కనిపిస్తుంది.

క్యాప్‌ని ఈ రోజు చాలామంది మరిచిపోయారు. ఆ మరుపు నాకు అన్యాయమనిపిస్తుంది. 1969లో మిన్నెసోటా వైకింగ్స్ తరఫున ఒకే మ్యాచ్‌లో ఏడు టచ్‌డౌన్ పాస్‌లు విసిరిన మనిషి ఆయన. ఆ సీజన్‌లోనే టీమ్‌ని ఫైనల్ మ్యాచైన సూపర్ బౌల్ దాకా తీసుకెళ్లాడు. టీమ్‌లో అత్యంత విలువైన ఆటగాడని అవార్డు ఇవ్వబోతే, అలాంటివాడు ఒక్కడే అంటూ ఎవరూ లేరని తిరస్కరించాడు. కొత్త కాంట్రాక్టు మీద సంతకం పెట్టకుండానే ఆ సీజన్ ఆడాడు కాబట్టి, కాగితం మీద ఆయన స్వేచ్ఛాజీవి. కాని అప్పటికి ‘రోజెల్ రూల్’ అమల్లో ఉంది. ఇలా బయటికొచ్చిన ఆటగాణ్ని తీసుకునే టీమ్ పాత టీమ్‌కి పరిహారం ఇవ్వాలి. ఇద్దరికీ కుదరకపోతే ఏమివ్వాలో కమిషనర్ పీట్ రోజెల్ తేలుస్తాడు. ఏ ఆటగాణ్ని, డ్రాఫ్ట్‌లో, అంటే కొత్త ఆటగాళ్లను టీములు వంతులవారీగా ఎంచుకునే చోట, ఏ అవకాశాన్ని వదులుకోవాల్సి వస్తుందో తెలియనప్పుడు ఎవరు ముందుకొస్తారు? సూపర్ బౌల్ ఆడిన క్వార్టర్‌బ్యాక్ ఆ వేసవంతా ఇంట్లోనే కూర్చున్నాడు.

చివరికి 1970 సీజన్ మొదలయ్యాక పేట్రియట్స్ తీసుకుంది. మరుసటి ఏడాది ట్రైనింగ్ క్యాంప్‌కి వెళ్తే, లీగ్ ప్రామాణిక ఒప్పంద పత్రం మీద సంతకం పెడితేనే ఆడనిస్తామన్నారు. ఆ పత్రం మీద సంతకం పెడితే లీగ్ నిబంధనలన్నిటికీ, రోజెల్ రూల్‌తో సహా, కట్టుబడినట్టే. క్యాప్ సంతకం పెట్టలేదు. క్యాంప్ వదిలి వెళ్లిపోయాడు, మళ్లీ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆడనేలేదు. కోర్టుకెక్కితే 1974లో ఫెడరల్ జడ్జి స్విగర్ట్ ఆ నిబంధనలు చట్టవిరుద్ధమని తేల్చాడు. 1976లో జ్యూరీ మాత్రం నష్టపరిహారం ఒక్క డాలర్ కూడా ఇవ్వలేదు. గెలుపు పేరు ఆయనకు దక్కింది, ఫలితం వేరేవాళ్లకు దక్కింది. అదే ఏడాది జాన్ మ్యాకీ అనే మరో ఆటగాడి కేసులో అప్పీల్ కోర్టు రోజెల్ రూల్‌ని తప్పుబట్టింది. క్యాప్ డిమెన్షియాతో 2023లో చనిపోయాడు.

జాన్ ఎల్వేకి అంత అవస్థ లేకపోయింది, ఆయన చేతిలో ఇంకో ఆట ఉంది. 1983 డ్రాఫ్ట్‌లో అందరికన్నా ముందు బాల్టిమోర్ కోల్ట్స్ ఆయన్ని ఎంచుకుంటే, అక్కడ ఆడనని, కావాలంటే యాంకీస్‌కి బేస్‌బాల్ ఆడుకుంటానని చెప్పేశాడు. వారం తిరక్కముందే ఆయన్ని డెన్వర్‌కి ఇచ్చేశారు. 2004లో ఇలై మ్యానింగ్ కూడా తనను ఎంచుకున్న శాన్ డియాగోకి వెళ్లనని చెప్పి న్యూయార్క్ జెయింట్స్ చేరాడు.

కోర్టుల్లో ఓడుతూ వచ్చిన యజమానులు 1993లో ఆటగాళ్లకు ఫ్రీ ఏజెన్సీ, అంటే కాంట్రాక్టు ముగిశాక నచ్చిన టీమ్‌కి వెళ్లే హక్కు, ఇచ్చారు. దానికి బదులుగా జీతాల మొత్తం మీద పరిమితి, ‘ఫ్రాంచైజ్ ట్యాగ్’ సంపాదించుకున్నారు. కాంట్రాక్టు ముగిసిన ఆటగాళ్లలో ఒకరి మీద టీమ్ ఈ ట్యాగ్ వేస్తే, అతను ఒక్క ఏడాదికి ఆ స్థానంలో అత్యధికంగా సంపాదించేవాళ్ల సగటు జీతం లాంటి మొత్తానికి ఆడాలి. జీతం చూస్తే పెద్దదే. పేచీ ఉన్నది ఆ ఒక్క ఏడాది అన్నచోటే. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో కాంట్రాక్టు మీద రాసిన సొమ్ములో గ్యారంటీ ఉన్న భాగమే ఆటగాడిది, మిగతాది అతన్ని తీసేసిన రోజున ఆవిరైపోతుంది. ట్యాగ్ మీద ఆడేవాడికి మరుసటి ఏడాదికి ఏ హామీ ఉండదు. కిర్క్ కజిన్స్ ధైర్యం చేసి వాషింగ్టన్‌లో 2016, 2017లో వరుసగా రెండు ట్యాగ్‌ల మీద ఆడాడు. ఆ తర్వాత మిన్నెసోటాతో మూడేళ్లకు 8.4 కోట్ల డాలర్లు, పూర్తి గ్యారంటీతో రాయించుకున్నాడు.

ట్యాగ్‌లోని ప్రమాదాన్ని కళ్లకు కట్టినట్టు చూపించింది డాక్ ప్రెస్కాట్. డాలస్ కౌబాయ్స్ క్వార్టర్‌బ్యాక్ కాబట్టి, ఆ టీమ్ ప్రధాన కార్యాలయమున్న ఫ్రిస్కోలో పెద్ద సంఖ్యలో స్థిరపడ్డ మన తెలుగు కుటుంబాలకూ ఈ కథ పరిచయమే. దీర్ఘకాల ఒప్పందం కుదరక 2020లో 3.14 కోట్ల డాలర్ల ట్యాగ్ మీద ఆడాడు. అక్టోబర్ 11న జెయింట్స్ మీద ఆడుతుండగా కుడి చీలమండ ఎముక విరిగి, కీలు తప్పి, పాదం పక్కకు తిరిగిపోయింది. కన్నీళ్లతో బండి మీద బయటికెళ్లాడు. ఆ రాత్రికి ఆయన చేతిలో ఉన్నది ఆ ఏడాది జీతమే. మరుసటి మార్చిలో కౌబాయ్స్ నాలుగేళ్లకు 16 కోట్ల డాలర్లు, అందులో 12.6 కోట్లు గ్యారంటీగా ఇచ్చింది. ఆయన లేకుండా ఆ సీజన్ ఎలా గడిచిందో చూశాక ఇచ్చింది. అలా కాక, కాలు సరిగ్గా అతుక్కోకపోయి ఉంటే?

2022లో క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ క్వార్టర్‌బ్యాక్ డెషాన్ వాట్సన్‌కి 23 కోట్ల డాలర్లూ గ్యారంటీగా ఇవ్వడంతో మిగతా యజమానులు ఉలిక్కిపడ్డారు. వరుసగా రెండు సీజన్ల చివర్లో గాయాలతో ఆడలేకపోయిన లామర్ జాక్సన్, ఏజెంటు లేకుండా తానే బాల్టిమోర్ రేవెన్స్‌తో బేరానికి కూర్చున్నాడు. 2023 మార్చిలో ట్యాగ్ వేస్తూ వేరే టీములు అడిగే వీలు ఉంచారు. ఒక్క టీమూ బహిరంగంగా అడగలేదు. తనను వేరే టీమ్‌కి ఇచ్చేయమన్న జాక్సన్‌కి ఏప్రిల్‌లో అయిదేళ్లకు 26 కోట్ల ఒప్పందం దక్కింది, గ్యారంటీ 18.5 కోట్లు. గ్యారంటీలు తగ్గించుకొమ్మని లీగ్ యజమానులను ప్రోత్సహించిందని, కాని వాళ్లు కుమ్మక్కైనట్టు తగిన రుజువు లేదని 2025 జనవరిలో మధ్యవర్తి తీర్పిచ్చాడు. ప్రోత్సహించారన్న మాటే నాకు చాలనిపించింది.

ఈలోగా పోరాడే పద్ధతీ మారింది. యజమానులకూ ఆటగాళ్ల సంఘానికీ మధ్య కుదిరిన 2020 ఒప్పందం ప్రకారం క్యాంప్‌కి రాని అనుభవజ్ఞుడికి రోజుకు 50 వేల డాలర్ల జరిమానా పడుతుంది, దాన్ని టీమ్ మాఫీ చేయడానికీ వీల్లేదు. అందుకే ఇప్పుడు ఆటగాళ్లు క్యాంప్‌కి వస్తున్నారు, ప్రాక్టీసు మాత్రం చెయ్యరు. 2024 జులైలో గ్రీన్ బే క్వార్టర్‌బ్యాక్ జోర్డన్ లవ్ అలాగే పక్కన ఉండిపోయి, కొన్ని రోజుల్లోనే నాలుగేళ్లకు 22 కోట్లు సాధించాడు. అదే ఏడాది సెప్టెంబర్ 8న, తన టీమ్ తొలి మ్యాచ్ రోజున ప్రెస్కాట్ 24 కోట్ల ఒప్పందం కుదుర్చుకున్నాడు. నవంబరులో తొడ కండరం చిరిగి మిగతా సీజన్ ఆడలేకపోయాడు. 2020లో లేని గ్యారంటీ ఈసారి ఆయన కాంట్రాక్టులో ఉంది.