రెండవ అర్జీ



పాలమూరు, నల్లగొండ సీమలలో ‘వలస’ ముత్తాతల నాటి మాట. ‘వీసా’ మొన్నటి మాట. మొదటిదానికి కాళ్లుంటే చాలును. రెండవదానికి కాగితం కావలెను. కాగితం అడిగేచోట ‘కాదు పొమ్మన్న’ మాట కూడా వినవలసివస్తుంది. అప్పుడు మనిషి ఇంటికి వచ్చి నాలుగు రోజులు మౌనంగా కూర్చుని, మళ్లీ ఒక అర్జీ వ్రాయించుకొంటాడు. ఉపాధ్యాయవృత్తిలో ఉన్నన్నాళ్లూ అటువంటి అర్జీలు నేను చాలా వ్రాసిపెట్టినాను. ఆ రెండవ అర్జీకి కూడా ఒక చరిత్ర ఉన్నదని మాత్రం ఆలస్యంగా తెలిసింది. అందులో నా తప్పు ఒకటి ఉన్నది. అది ఈ టపా చివరి భాగంలో చెబుతాను.

అనుమతి అక్కరలేని కాలంతో మొదలుపెడతాను. బొంబాయిలోని కామాఠీపురా పేరు అందరూ విన్నదే. ఆ పేటకు అపఖ్యాతి తరువాత వచ్చింది. పేరు మాత్రం నిజాం రాజ్యపు తెలుగు సీమలనుండి కట్టడపు పనులకు వెళ్లి అక్కడ గుడిసెలు వేసుకొన్న కామాఠీలది. నిజాం ప్రజకు బొంబాయి పరాయి ప్రభుత్వపు నేల. అయినను తట్ట, పార పట్టుకొని పోయే కూలివానిని సరిహద్దులో నిలిపి ‘నీ పేరేమి, నీ తండ్రి పేరేమి’ అని అడిగినవారు లేరు. పనిచేయించుకొనేవానికి చేతులతోనే పని.

ఆ వెనుక వచ్చినది ‘పాలమూరు లేబరు’. కృష్ణ తంగడి వద్ద మన నేలలో అడుగుపెట్టి జిల్లా దక్షిణపు అంచునే పారుతుంది కాని, కోస్గి, మద్దూరు, నారాయణపేట, అచ్చంపేట, అటు దేవరకొండ, మర్రిగూడ మెట్టభూములకు ఆ నీరు తరతరాలుగా అందలేదు. వానకాలపు పంట ఇంటికి చేరగానే గుంపుమేస్త్రీ ఊరికి వచ్చేవాడు. చేతిలో అడ్వాన్సు పెట్టేవాడు. ఆలుమగలు, పిల్లలతో సహా లారీ ఎక్కేవారు. కాలువలు, ఆనకట్టలు, రోడ్లు దేశమంతటా వీరి చెమటతో లేచినవి. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగరు రాతికట్టడం నల్లగొండ గడ్డమీదిదే. అక్కడ రాయి మోసినవారికి మేస్త్రీ నోటి లెక్క తప్ప వేరే పత్రం లేదు. 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చి ఫొటోతో కూడిన పాసుబుక్కు ఇవ్వవలెనన్నది. ఆ పుస్తకాన్ని కండ్లజూసిన కూలీని నా ఎరుకలో నేను చూడలేదు.

దేశం దాటే కూలీకి కాగితం మాత్రం చాలా పూర్వమే వచ్చింది. 1834నుండి మారిషస్ చెరకుతోటలకు ఒప్పందపు కూలీలను ఓడలలో పంపుతూ ఉండేవారు. అందులో జరిగే మోసాలు, బలవంతాలు బయటపడగా 1839లో కంపెనీ ప్రభుత్వం ఆ ప్రయాణాలను నిషేధించింది. తోటల యజమానులు ఊరకుండలేదు. మళ్లీ మళ్లీ అర్జీలు పెట్టినారు. 1842లో కలకత్తా, మద్రాసు, బొంబాయి రేవులనుండి మారిషస్‌కు తిరిగి అనుమతి వచ్చింది. ఈసారి రేవులో వలసలను కనిపెట్టి చూచే అధికారి ఒకడుండవలెనని షరతు. మన చరిత్రలో పెద్ద నిరాకరణ, దాని వెంట పెద్ద రెండవ అర్జీ ఇదే. అయితే ఆ అర్జీ పెట్టినవాడు కూలీ కాడు, వానితో పని కలవాడు. కూలీ అభిప్రాయం ఎవరును అడిగినట్లు లేదు.

రెండవ ఘట్టం బర్మాది. అక్కడి తెలుగు కూలీలను ‘కోరంగీలు’ అనేవారు. గోదావరి ముఖద్వారపు కోరంగి రేవునుండి వచ్చిన పేరది. రంగూను రేవులో బరువులు మోసినవారిలో వీరే అధికులు. 1930 మేనెలలో తెలుగు రేవుకూలీల సమ్మె, దాని వెంట బర్మీయులతో ఘర్షణ రక్తపాతంగా మారినవి. 1937 ఏప్రిల్ 1న బర్మా భారతదేశంనుండి వేరైంది. 1941 జూలైలో కుదిరిన ఇండో-బర్మా వలస ఒప్పందం, అంతవరకు టిక్కెట్టు కొని ఓడ ఎక్కిన కూలీని పర్మిట్టు చూపుమన్నది. ఆ ఏడాది డిసెంబరులోనే రంగూనుపై బాంబులు పడి లక్షలమంది అడవుల వెంట నడిచి తిరిగివచ్చిన కారణాన ఆ పర్మిట్ల ఏర్పాటు సరిగా నడవనేలేదు. గమనించవలసినదేమనగా, 1839 నాటి ‘కాదు’ కూలీని కాపాడుటకు చెప్పినది. 1941 నాటి ‘కాదు’ కూలీని రానీయకుండుటకు చెప్పినది. తలుపు ఒక్కతీరుగానే మూసుకొన్నా కారణాలు వేరు.

ఇక మన కాలానికి వస్తాను. 1973లో చమురు ధర పెరిగిన తరువాత గల్ఫు దేశాలలో కట్టడాలు లేచినవి. తెలంగాణలో కరీంనగర్, నిజామాబాద్ సీమలనుండి పోయినవారు ఎక్కువ. పాలమూరు, నల్లగొండలవారు తక్కువగానైనా పోయినారు. మా వైపు ఏ గల్ఫు దేశానికి పోయినా ‘దుబాయి పోయిండు’ అనే అంటారు. ఆనాటికి వలసలకు 1922 నాటి బ్రిటిషు చట్టమే ఆధారం. దానిని తొలగించి 1983లో కొత్త వలస చట్టం చేసినారు. అది డిసెంబరు 30న అమలులోకి వచ్చింది. చదువు తక్కువైనవాని పాస్‌పోర్టుమీద ‘ఇ.సి.ఆర్.’ అనే గుర్తు పడేది. ఆ గుర్తు ఉన్నవాడు గల్ఫువంటి దేశాలకు పనికి పోవలెనంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రాంట్స్ అనే అధికారి అనుమతి పొందవలెను. 2007నుండి పదవ తరగతి గట్టెక్కినవారికి ఆ అనుమతి అక్కరలేకపోయింది. పదవ తరగతి పరీక్ష అంత పెద్ద గోడ అని పాఠం చెప్పే రోజులలో మాకు తెలియదు.

ఆ చట్టంలోని 22వ సెక్షనును తీరికగా చదివినప్పుడు నాకు ఆశ్చర్యం కలిగింది. అధికారి ఏయే కారణాలకు అనుమతిని నిరాకరించవచ్చునో అందులో చెప్పినారు. పని షరతులు దోపిడీతో కూడినవైనా, పని చట్టవిరుద్ధమైనదైనా, మానవగౌరవానికి భంగకరమైనదైనా, పనియిచ్చేవాని పూర్వచరిత్ర మంచిది కాకపోయినా, ఆ దేశపు పరిస్థితులు బాగులేకపోయినా నిరాకరించవచ్చును. వీటిలో కూలీ చేసిన నేరం ఒక్కటైనా లేదు. అర్జీలో లోపాలుంటే వాటిని వ్రాతపూర్వకంగా తెలిపి, సరిదిద్దుకొనుటకు గడువు ఇవ్వవలెనని కూడా ఉన్నది. నిరాకరణపై కేంద్ర ప్రభుత్వానికి అప్పీలు చేసుకొనే హక్కును 23వ సెక్షను ఇచ్చింది. అంటే రెండవ అర్జీకి ఈ చట్టంలో చోటున్నది. ఆ సంగతి మాత్రం ఊరి కూలీకి చెప్పేవారు లేరు. ఏజెంటు చెప్పడు, చెబితే వాని ఆదాయం తగ్గుతుంది.

ఇప్పుడు నా తప్పు.

సుమారు 2006లో ఒకనాటి సాయంత్రం మా ఇంటికి పూర్వవిద్యార్థి ఒకడు వచ్చినాడు. ఏడవ తరగతితో చదువు మానినవాడు. దుబాయి పోవుటకు అరవై వేలు అప్పు చేసినాడు, నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి. చేతిలో ఒక కాగితం ఉన్నది.

“సారూ, ఆఫీసులకెల్లి వాపసు పంపిండ్రు. పేరు తప్పున్నదట.”

కాగితం చదివినాను. లోపాలు రెండు చూపినారు. పాస్‌పోర్టులోని పేరు, ఒప్పందపత్రంలోని పేరు ఒకటి కావు. ఒప్పందంలో వసతి, తిరుగు ప్రయాణపు ఖర్చు ఎవరిదో వ్రాయలేదు.

“నీ పేరు రెండు తీర్లుగా ఎట్లా వచ్చింది నాయనా?” అని అడిగినాను.

“ఇంట్ల ఎంకటయ్య అంటరు సారూ. మా అన్న అక్కడ సేటుకు గట్లనే చెప్పిండు. వెంకటేశ్వర్లు అని బడిల మీరే రాసిండ్రు గద.”

నిజమే. మా ప్రాథమికోన్నత పాఠశాలలో దస్తూరి బాగుంటుందని ప్రవేశపట్టీ వ్రాసే పని నాకప్పగించినారు. అప్పుడప్పుడే పండితశిక్షణ ముగించుకొని వచ్చిన ఉత్సాహం. ‘ఎంకడు’, ‘నర్సిగాడు’ అని తల్లిదండ్రులు చెప్పిన పేర్లు నా చెవికి అపభ్రంశాలుగా వినబడేవి. వాటిని సంస్కరించి వెంకటేశ్వర్లు, నరసింహమూర్తి అని గుండ్రని అక్షరాలలో వ్రాసేవాడను. వీని తండ్రి నర్సయ్యను నరసింహయ్యగా మార్చినాను. పుట్టినరోజు తెలియదంటే అందరు బడిపంతుళ్లవలెనే జూలై ఒకటి అని వేసినాను. బడి వదలిన నాడు ఇచ్చిన పత్రంలో అవే పేర్లు పోయినవి. ఆ పత్రంతో పాస్‌పోర్టు వచ్చింది. రేషను కార్డులో మాత్రం వాడు ఎంకటయ్యగానే మిగిలినాడు. నేను చేసినది భాషాసేవ అని ఇరవై ఏండ్లు అనుకొన్నాను.

ఆ రాత్రి కూర్చుని రెండవ అర్జీ వ్రాసినాము. పేర్లు రెండూ ఒకే మనిషివని ప్రమాణపత్రం, తహశీలుదారు ధ్రువీకరణ, రేషను కార్డు నకలు జతపరచినాము. అంతకన్న ముఖ్యం, ఒప్పందపత్రాన్ని మళ్లీ వ్రాయించి పంపుమని వాని అన్నకు ఫోను చేయించినాము. మొదట వాడు ‘దయతో అనుమతించగలరు’ అని వ్రాయుమన్నాడు. వద్దన్నాను. వారడిగినది దయను గురించి కాదు, పేరును, తిరుగు టిక్కెట్టును గురించి. అడిగినదానికి జవాబు ఉంటే చాలును.

కొత్త ఒప్పందం చేరుటకు నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలల వడ్డీ ఏడువేల రెండువందలు. ఆ మొత్తం వాడే కట్టినాడు. నేనిస్తానంటే పుచ్చుకోలేదు. అనుమతి వచ్చి వాడు పోయినాడు. మూడవ ఏట వాని కంపెనీ మూతపడినప్పుడు ఒప్పందంలోని ఆ ఒక్క వాక్యం చూపి తిరుగు టిక్కెట్టు తీసుకొని వచ్చినాడు. అటువంటి వాక్యం లేని తోటివారు ఇంటికి ఫోను చేసి డబ్బు తెప్పించుకొన్నారట. ఆ నిరాకరణ వానికి మేలు చేసిందా, కీడు చేసిందా అని నేనిప్పటికీ తేల్చలేను. పేరు వల్ల వచ్చిన సగం నా వల్ల వచ్చిన కీడు. టిక్కెట్టు వల్ల వచ్చిన సగం చట్టం చేసిన మేలు. రెండూ ఒకే కాగితంమీద వచ్చినవి.

ఇదే సీమలలో మేస్త్రీ వెంట పోయినవారి మనుమలు ఇంజనీర్లై అమెరికా పోతున్నారు. వారి ‘కాదు’ వేరొక రకం. అక్కడి హెచ్-1బి వీసాకు ఏడాదికి 65,000 పరిమితి. 2001నుండి 2003వరకు దానిని 1,95,000కు పెంచి, పిమ్మట మళ్లీ తగ్గించినారు. అమెరికాలో పై చదువు చదివినవారికి 2004 నాటి చట్టంతో మరి 20,000 కలిపినారు. 2007 ఏప్రిల్‌లో రెండు రోజులలోనే లక్షా ఇరవై వేలకు పైగా దరఖాస్తులు వచ్చిపడగా లాటరీ తీసినారు. పేరు రానివారి దరఖాస్తు రుసుముతో సహా తిరిగివచ్చింది. లోపమేమని అడిగితే చెప్పుటకేమీ లేదు. చదువు సరిపోయింది, పని ఉన్నది, కాగితాలు సరిగా ఉన్నవి. చీటీ పడలేదు, అంతే. సాంకేతిక శాస్త్రాలు చదివినవారికి అక్కడ పనినేర్చుకొనే గడువును 2008లోను, 2016లోను పెంచుటవలన మూడేండ్లు మూడుమార్లు అదృష్టం చూచుకొనే వీలు కలిగింది. 2025 సెప్టెంబరులో వెలుపలి దేశాలవారికై పెట్టే కొత్త దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించినారు. చిలుకూరు బాలాజీ గుడిలో కోరుకొన్ననాడు పదకొండు ప్రదక్షిణలు, నెరవేరిననాడు నూటఎనిమిది. మొదటి పదకొండును మళ్లీ మళ్లీ తిరిగే యువకులను చూచినప్పుడు వారిని పరిహసించుటకు నాకు మనసొప్పదు. కారణం చెప్పని చోట మనిషి దేనిని సరిదిద్దుకొనగలడు?

కనుక నాకు తోచినది ఇది. కాదన్న కాగితం అందినప్పుడు మొదట చూడవలసినది ఆ ‘కాదు’ ఎవరికోసం చెప్పినారన్నది. మనలను కాపాడుటకు చెప్పినదైతే అందులో చూపిన లోపాన్ని పూడ్చవలెను. అప్పుడు రెండవ అర్జీ మొదటిదానికన్న బలమైనది. రానీయకుండుటకు చెప్పినదైతే ఎన్ని అర్జీలైనా వ్యర్థం. డబ్బు పోగొట్టుకొనకుండా వేరొక దారి చూచుకొనవలెను. చీటీవలన వచ్చినదైతే అది మన యోగ్యతమీద తీర్పు కానేకాదని ఇంట్లో తల్లిదండ్రులు గ్రహించవలెను. మూడింటినీ ఒకటిగా భావించి ‘నాకు రాత లేదు’ అని మంచంపట్టినవారిని చూచినాను. అదే కాగితాన్ని అదే తప్పుతో మూడుమార్లు పంపి మూడుమార్లు ఏజెంటుకు రుసుము చెల్లించినవారినీ చూచినాను.

నా మట్టుకు నేను ఒక దిద్దుబాటు చేసుకొన్నాను. ఆ సాయంత్రం తరువాత ప్రవేశపట్టీలో తల్లి ఏ పేరు చెబితే ఆ పేరే వ్రాసినాను. ‘ఎంకటయ్య’ అంటే ఎంకటయ్య. ఎకారం వకారం కావలసిన పని లేదు. ఆ పేరుతో పిలిస్తే పలికేవాడొకడున్నాడు. అంతకు మించిన వ్యాకరణం పేరుకు అక్కరలేదు.

స్వస్తి.