సౌర విద్యుత్తుతో గృహాలకు వేడినీరు - కంట్రోలర్ ప్రాధాన్యం, పాటించవలసిన జాగ్రత్తలు

(ప్రత్యేక వ్యాసం)

స్నానానికి, పాత్రల శుభ్రతకు, బాలింతలు, పసిపిల్లలు, వృద్ధుల సంరక్షణకు వేడినీరు ప్రతి ఇంటా నిత్యావసరం. కట్టెల పొయ్యిపై కాగు, రాగి బాయిలరు, బకెట్టులో వేసే హీటర్ రాడ్, గీజరు - ఇలా తరతరాలుగా సాధనాలు మారుతూ వచ్చినా, వాటికి వెచ్చించే ఇంధనం గృహస్థునికి భారంగానే ఉన్నది. ఈ భారాన్ని తగ్గించగల మార్గాలలో సౌరశక్తి ప్రధానమైనది.

సూర్యుని వేడిమితో నీటిని నేరుగా కాచే సోలార్ వాటర్ హీటర్లు తెలుగువారికి చిరపరిచితాలు. తిరుమలలో సౌర వేడిమితో ఆవిరిని ఉత్పత్తి చేసి అన్నప్రసాదాల తయారీకి వినియోగించే వ్యవస్థ 2002లోనే ఏర్పాటయింది. 2010 జనవరిలో ప్రారంభమైన జవహర్‌లాల్ నెహ్రూ జాతీయ సౌర మిషన్, 2022 నాటికి 2 కోట్ల చదరపు మీటర్ల సౌర ఉష్ణ ఫలకాల ఏర్పాటును లక్ష్యంగా పేర్కొన్నది. అటు తరువాత సౌర విద్యుత్ ఫలకాల ధరలు గణనీయంగా తగ్గడంతో, మేడపై ఉత్పత్తి అయిన విద్యుత్తును బ్యాటరీ, ఇన్వర్టరు లేకుండా నేరుగా నీటి హీటరుకు అందించే విధానం కూడా ఆచరణలోకి వచ్చినది.

ఎంత శక్తి అవసరం?

ఒక లీటరు నీటి ఉష్ణోగ్రతను ఒక సెల్సియస్ డిగ్రీ పెంచడానికి సుమారు 4.19 కిలోజౌళ్ల శక్తి కావలెను. ఒక యూనిట్ విద్యుత్తు 3,600 కిలోజౌళ్లకు సమానం. ఈ లెక్క ప్రకారం 100 లీటర్ల నీటిని 25 డిగ్రీల నుండి 60 డిగ్రీలకు వేడి చేయడానికి సుమారు 4.1 యూనిట్లు అవసరమవుతాయి. శీతకాలంలో తొట్టినీరు 18 డిగ్రీలకు చల్లబడినప్పుడు ఈ అవసరం 4.9 యూనిట్లకు పెరుగుతుంది. 60 డిగ్రీల వేడినీరు 100 లీటర్లకు 25 డిగ్రీల చన్నీరు 133 లీటర్లు కలిపినచో 40 డిగ్రీల స్నానపు నీరు 233 లీటర్లు, అనగా 15 లీటర్ల బకెట్లు 15కు పైగా లభిస్తాయి. నలుగురైదుగురు ఉన్న కుటుంబానికి ఇది చాలును.

ఒక కిలోవాట్ సామర్థ్యం గల సౌర విద్యుత్ ఫలకాలు మన ప్రాంతంలో సగటున రోజుకు 4 యూనిట్ల మేర విద్యుత్తును ఇస్తాయి. కనుక 100 లీటర్ల ట్యాంకుకు స్థూలంగా ఒక కిలోవాట్ ఫలకాలు అవసరమని భావించవచ్చును. ఇవి మేడపై దాదాపు 5 చదరపు మీటర్ల స్థలాన్ని ఆక్రమిస్తాయి. ఇదే పనికి సోలార్ వాటర్ హీటరుకు 2 చదరపు మీటర్ల ఉష్ణ ఫలకం సరిపోతుంది. స్థలం తక్కువగా ఉన్నవారికి ఉష్ణ ఫలకమే మేలు.

అయితే విద్యుత్ విధానానికి కొన్ని సౌలభ్యాలు ఉన్నాయి. మేడపై నుండి స్నానాల గది వరకు వేడినీటి గొట్టాలు వేయనవసరం లేదు; తీగలు వేసిన చాలును. పొడవాటి గొట్టంలో చల్లారిన నీటిని పారబోసే అవస్థ తప్పుతుంది. బోరునీటిలో లవణాలు అధికంగా గల ప్రాంతాలలో ఉష్ణ ఫలకపు సన్నని రాగి గొట్టాలు సున్నపు పొరతో పూడుకుపోవడం సాధారణం. విద్యుత్ ఫలకాలకు నీటితో సంబంధమే లేదు. హీటర్ ఎలిమెంటుపై పొర పేరుకున్నా దానిని విప్పి శుభ్రం చేయుట, మార్చుట సులభం.

కంట్రోలర్ ఎందుకు?

ఫలకాల తీగలను నేరుగా హీటరుకు కలిపిన సరిపోదా అన్న సందేహం పలువురికి కలుగుతుంది. ఒక ఉదాహరణ ద్వారా దీనిని గ్రహించవచ్చును. మూడు ఫలకాలను వరుసగా కలుపగా మిట్టమధ్యాహ్నం 112 వోల్టుల వద్ద 9 ఆంపియర్లు, అనగా సుమారు 1,000 వాట్లు లభిస్తున్నవనుకొందాము. దీనికి సరిపోయే హీటరు నిరోధం దాదాపు 12.5 ఓములు. ఉదయం వేళ ఎండ సగమే ఉన్నప్పుడు ఫలకాల నుండి వచ్చే కరెంటు కూడా సగమై 4.5 ఆంపియర్లకు తగ్గుతుంది. హీటరు నిరోధం మారదు కనుక వోల్టేజీ సైతం 56కు పడిపోయి, హీటరుకు 250 వాట్లు మాత్రమే అందుతాయి. వాస్తవానికి ఆ సమయంలో ఫలకాలు దాదాపు 500 వాట్లు ఇవ్వగలవు. ఎండ నాలుగో వంతుకు తగ్గినచో అందే శక్తి పదహారో వంతుకు పడిపోతుంది. మబ్బు రోజులలో, ఉదయ సాయంత్రాలలో ఈ నష్టం మరింతగా కనిపిస్తుంది.

ఈ నష్టాన్ని నివారించేదే పవర్ కంట్రోలర్. ఇది ఫలకాల వోల్టేజీని గరిష్ఠ శక్తి లభించే స్థాయి వద్ద నిలిపి ఉంచుతుంది. ఫలకాల నుండి వచ్చే విద్యుత్తును కెపాసిటర్లలో క్షణకాలం నిల్వచేసి, సెకనుకు అనేక పర్యాయాలు చిన్న చిన్న స్పందనలుగా హీటరుకు విడుదల చేస్తుంది. ఎండ తగ్గినచో స్పందనల నిడివి తగ్గుతుంది, పెరిగినచో పెరుగుతుంది. ఫలితంగా సగం ఎండలో సగం శక్తి దక్కుతుంది.

ఎలిమెంటు ఎంపిక కూడా ముఖ్యమే. 230 వోల్టుల, 2,000 వాట్ల సాధారణ గీజరు ఎలిమెంటు నిరోధం సుమారు 26 ఓములు. పై మూడు ఫలకాల వోల్టేజీకి ఇది పూర్తి శక్తిని గ్రహించజాలదు. అటువంటి ఎలిమెంట్లు రెండింటిని సమాంతరంగా కలిపినచో నిరోధం 13 ఓములై దాదాపు సరిపోతుంది. ఆరు ఫలకాలను వరుసగా కలిపి వోల్టేజీని 224కు పెంచినచో ఒక్క ఎలిమెంటే చాలును.

ప్రాణాపాయం కలిగించగల పొరపాటు

పాత గీజరును సౌర ఫలకాలకు యథాతథంగా కలుపుట అత్యంత ప్రమాదకరం. ఇళ్లకు వచ్చే ఎ.సి. కరెంటు సెకనుకు 100 పర్యాయాలు సున్నాకు చేరుతుంది. అందువల్ల థర్మోస్టాట్ విడిపోయినప్పుడు పుట్టే నిప్పుమెరుపు వెంటనే ఆరిపోతుంది. ఫలకాల నుండి వచ్చే డి.సి. కరెంటు ఎన్నడూ సున్నాకు చేరదు. మెరుపు ఆరక థర్మోస్టాట్ కొసలు కరిగి అతుక్కుపోగలవు. అప్పుడు నీరు మరుగుతున్నా హీటరు ఆగదు. ట్యాంకులో ఆవిరి పీడనం పెరిగి పేలుడుకు దారితీయవచ్చు. కనుక థర్మోస్టాట్ నేరుగా హీటరు కరెంటును తెంచకూడదు. అది కంట్రోలరుకు సంకేతం మాత్రమే ఇవ్వవలెను. కరెంటును ఆపే పని కంట్రోలరు చేయవలెను.

ఇందుతోపాటు ఈ క్రింది జాగ్రత్తలు తప్పనిసరి:

- పీడనాన్ని విడుదల చేసే సేఫ్టీ వాల్వు, థర్మోస్టాట్ విఫలమైనా పనిచేసే వేరొక ఉష్ణ రక్షణ కటౌట్ ఉండవలెను.
- స్విచ్చులు, ఫ్యూజులు డి.సి.కి ఉద్దేశించినవే వాడవలెను. ఎ.సి. స్విచ్చులు పనికిరావు.
- ఎండ ఉన్నంతసేపు ఫలకాల తీగలలో విద్యుత్తు ఉంటుందని గుర్తించి, శిక్షణ పొందిన ఎలక్ట్రీషియన్ చేతనే పని చేయించవలెను.
- ట్యాంకుకు, ఫలకాల చట్రాలకు ఎర్తింగ్ చేయించవలెను.
- నిల్వనీటిలో హానికర బ్యాక్టీరియా పెరగకుండా ట్యాంకును 60 డిగ్రీల వరకు వేడి చేయుట మంచిది. ఆ నీరు చర్మాన్ని కాల్చగలదు కనుక చన్నీటితో కలిపిన తరువాతనే వాడవలెను.

ఎవరికి ప్రయోజనకరం?

2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన పి.ఎం. సూర్యఘర్ ముఫ్త్ బిజిలీ యోజన కోటి గృహాలకు పైకప్పు సౌర విద్యుత్తును అందించే లక్ష్యంతో రూపొందినది. ఇందులో 3 కిలోవాట్లు, అంతకు మించిన వ్యవస్థలకు రాయితీని గరిష్ఠంగా రూ.78,000గా నిర్ణయించారు. ఈ పథకం గ్రిడ్‌కు అనుసంధానమైన వ్యవస్థలకు ఉద్దేశించినది. నెట్ మీటరింగ్ ఉన్న ఇంట మిగులు విద్యుత్తు గ్రిడ్‌కు చేరి బిల్లులో సర్దుబాటు అవుతుంది. అట్టివారు మిగులును నీటి వేడికి మళ్లించే పరికరం కొన్నందువల్ల పెద్దగా ఆదా ఉండదు. ఉన్న గీజరునే వాడుకొనవచ్చును.

బ్రిటన్‌లో పరిస్థితి భిన్నం. అక్కడ 2010 ఏప్రిల్‌లో ప్రారంభమై 2019 మార్చి వరకు కొత్తవారిని చేర్చుకున్న పథకంలో, చిన్న వ్యవస్థల ఉత్పత్తిలో సగం గ్రిడ్‌కు చేరినట్లుగానే పరిగణించి చెల్లింపులు జరిపారు. మిగులును ఇంటనే వాడుకున్నా ఆదాయం తగ్గనందున మళ్లింపు పరికరాలు అక్కడ విస్తృత ఆదరణ పొందాయి.

మన ప్రాంతంలో ఈ నేరు విధానం విద్యుత్ సరఫరా లేని గూడేలకు, పొలాల వద్ద నివాసాలకు, ఉప్పునీటి ప్రాంతాలకు అనువైనది. గ్రిడ్‌కు అనుసంధానమైన సాధారణ ఇన్వర్టరు కరెంటు పోయినప్పుడు ఆగిపోతుంది. ఈ వ్యవస్థ మాత్రం ఎండ ఉన్నంతవరకు పనిచేస్తూనే ఉంటుంది. వరుసగా మబ్బు పట్టే వానాకాలానికి ప్రత్యామ్నాయం ఒకటి సిద్ధంగా ఉంచుకొనవలెను. వేసవిలో మధ్యాహ్నానికే ట్యాంకు వేడెక్కి మిగతా విద్యుత్తు వృథా అవుతుంది గనుక అవసరానికి మించిన ఫలకాలు కొనరాదు.

తమ ఇంటి నీటి స్వభావం, మేడపై స్థలం, విద్యుత్ కనెక్షన్ పరిస్థితి పరిశీలించుకొని, రక్షణ ఏర్పాట్లలో రాజీపడక తగిన విధానాన్ని ఎంచుకొన్న కుటుంబం ఇంధన వ్యయాన్ని తగ్గించుకొనుటయే గాక, కట్టెల పొగ నుండి, హీటర్ రాడ్ల ప్రమాదాల నుండి కూడా విముక్తి పొందగలదు.