కళాయి అక్కర్లేని గిన్నె

ధనత్రయోదశి ఇంకో వారం ఉందనగా పత్రిక అనుబంధం వాళ్ల నుంచి ఫోను వస్తుంది. బంగారం మీద ఎవరో రాస్తారు, వెండి మీద ఇంకెవరో రాస్తారు. గిన్నెలు ప్రతి ఏడాదీ నా వంతు. పండక్కి ఎలాంటివి కొనాలో, కొన్నవాటిని ఎలా చూసుకోవాలో రాయమన్నారు. ‘‘కాస్త చరిత్ర కూడా తగిలించండి’’ అని చివర్లో అన్నారు, పోపులో చిటికెడు ఇంగువ వేయమన్నంత తేలిగ్గా. ఇంగువ డబ్బా నా చేతిలోంచి జారుతుందని నాకు ముందే తెలుసు.

మొదట కుండ. దీని మీద ఎవరికీ తగాదా లేదు. శాతవాహనుల నాటి పెద్దబంకూరు, ధూళికట్ట, కోటిలింగాల దిబ్బలు తవ్వినవాళ్లకు నాణేలు దొరికాయి, ఇటుక గోడలు దొరికాయి, వాటన్నిటికంటే ఎక్కువగా కుండపెంకులు దొరికాయి. ఆ కుండల్లో ఏం ఉడికిందో చెప్పగల శాసనం ఏదీ నా కంట పడలేదు. రాజులు దానమిచ్చిన ఊళ్ల పేర్లు రాతి మీద చెక్కించారు గానీ వంటింట్లోకి ఎవరు తొంగిచూశారు? తిక్కన భారతానికి లేఖకుడు కుమ్మరి గురునాథుడంటారు, రామాయణం రాసిన మొల్ల కుమ్మరింటి ఆడపడుచు. మట్టి పిసికిన ఇళ్ల నుంచి సాహిత్యంలోకి ఇంతటివాళ్లు వచ్చినా వంటకుండ చరిత్ర మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు. తిరుమల వేంకటేశ్వరుడు ఒక్కడే మాట నిలబెట్టుకున్నాడు. పోటులో ఎన్ని లోహపు గంగాళాలున్నా స్వామికి పెరుగన్నం నివేదన ఇప్పటికీ ‘ఓడు’లోనే, అంటే కొత్త మట్టికుండ ముక్కలోనే. ఆయనకు మట్టిపూలతో పూజ చేసిన కుమ్మరి భీముడి కథ దానికి కారణమని చెబుతారు.

మిగతా ఇళ్లలో కుండకు అంత గౌరవం దక్కలేదు. మట్టికి కంటికి కనపడని రంధ్రాలుంటాయి, వండినదాన్ని కొంత తాగేస్తుంది. అందుకే అంటు తగిలితే, గ్రహణం పడితే కుండ బయటికి పోయేది. చింతపండేసి తోమితే లోహం మళ్లీ పవిత్రమయ్యేది. మధ్యలో రాచ్చిప్ప ఉంది. మెత్తటి రాతిని తొలిచి చేసిన ఆ చిప్పలో పులుసు పొయ్యి దించాక కూడా చాలాసేపు కుతకుతలాడుతూనే ఉంటుంది, పైగా పులుపుతో రాతికి పేచీ లేదు. రాచ్చిప్ప గురించి ఇంకా రాయొచ్చు గానీ నేను చేరాల్సిన చోటు వేరే ఉంది. కాబట్టి ఓ వెయ్యేళ్లు దాటేద్దాం.

దాటితే ఇత్తడి కాలం. రాగిలో తుత్తునాగం కలిపితే ఇత్తడి, తగరం కలిపితే కంచు. గోదావరి జిల్లాల్లో తణుకు దగ్గర అజ్జరం, శ్రీకాకుళం జిల్లాలో బుడితి, జనగామ దగ్గర పెంబర్తి. కంచరుల సుత్తి చప్పుడు ఈ మూడు ఊళ్ల పేర్లలో నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. బిందెలు, గుండిగలు, తపేలాలు, గంగాళాలు. కూతురి పెళ్లికి సారెలో ఎన్ని ఇత్తడి సామాన్లు పెట్టారన్నది వియ్యాలవారు ఏళ్ల తరబడి చెప్పుకునే లెక్క.

చిక్కల్లా మన నాలుకతో వచ్చింది. చింతపండు, మజ్జిగ, పచ్చిమామిడి, గోంగూర. పులుపు లేకుండా మనకు పూట గడవదు. పులుపు తగిలితే ఇత్తడి ఊరుకోదు, చిలుమెక్కుతుంది. ఆ పచ్చటి చిలుము కడుపులోకి పోతే వాంతులే. అందుకని ఇత్తడి గిన్నెకు లోపల తగరం పూత వేయించాలి. దాన్నే కళాయి అంటాం. వేయించింది శాశ్వతంగా ఉంటుందా అంటే, ఉండదు. గరిటె గీతలకు, తోముడుకు అరిగిపోతుంది. అడుగున పసుప్పచ్చగా ఇత్తడి కనిపించిందంటే మళ్లీ కళాయి పోసేవాడి కేక కోసం చెవులు రిక్కించాలి.

‘‘కళాయి పోస్తాం... మాట్లేస్తాం...’’ అని వీధి చివర్లో వినపడగానే మా ఇంట్లో గిన్నెలన్నీ గుమ్మంలోకి వచ్చేవి. వేపచెట్టు కింద చిన్న గొయ్యి తవ్వి, బొగ్గులు నింపి, తోలుతిత్తి పెట్టేవాడు. గిన్నె ఎర్రబడకముందే తీసి లోపల నవసాగరం పొడి చల్లితే తెల్లటి పొగ గుప్పున లేచేది. ఆ ఘాటుకు మేం దగ్గుతూ వెనక్కి జరిగి, మళ్లీ ముందుకు వచ్చేవాళ్లం. తగరం కడ్డీ అలా తాకించేవాడు, దూది పెట్టి ఒక్క తిప్పు తిప్పేవాడు. నల్లటి గిన్నె లోపల చంద్రుడు ఉదయించేవాడు. అంతసేపూ ఇంటి ఆడవాళ్లు పక్కనే నిలబడేవాళ్లు. తగరం ఖరీదు, సీసం చవక. కలిపేస్తే కంటికి తెలియదు. తెలిసినవాళ్లు కడ్డీ తీసుకుని చెవి దగ్గర వంచి చూసేవాళ్లు. స్వచ్ఛమైన తగరం వంగేటప్పుడు కిర్రుమని ఏడుస్తుంది. సీసానికి ఆ ఏడుపు లేదు, కాగితం మీద గీస్తే నల్లటి గీత పెడుతుంది.

ఇంత తతంగం అక్కర్లేని గిన్నె ఒకటి ఉంటే బాగుణ్ణని ఎన్ని తరాల ఇల్లాళ్లు అనుకున్నారో! ఆ గిన్నె 1898లో మద్రాసులో తయారైంది. ఈ వ్యాసం ఒప్పుకున్నది దీనికోసమే.

దానికి ముందు ఆ లోహం ఎలాంటిదో చెప్పాలి. 1884లో అమెరికా వాళ్లు వాషింగ్టన్ స్మారక స్తంభం కొనమీద పెట్టడానికి ఒక చిన్న టోపీ పోత పోయించారు, మూడు కిలోలైనా ఉండదు. పైకి ఎక్కించేముందు దాన్ని న్యూయార్క్‌లో టిఫానీ వారి నగల కొట్లో జనం చూడ్డానికి పెట్టారు. నగల కొట్లో పెట్టాల్సినంత అపురూపమైన ఆ లోహం అల్యూమినియం. రెండేళ్లు తిరిగేసరికి, 1886లో, అమెరికాలో హాల్ అనే కుర్రాడు, ఫ్రాన్స్‌లో హెరూ అనే మరో కుర్రాడు, ఒకరికొకరు తెలియకుండా, కరెంటుతో దాన్ని చవగ్గా తీసే ఒకే ఉపాయం కనిపెట్టారు. ఇద్దరూ పుట్టింది 1863లోనే, పోయిందీ 1914లోనే. జాతకాలు చూసేవాళ్లకు వదిలేస్తున్నా. ధర కుప్పకూలింది. నగల కొట్టు సరుకు వంటింటి దారి పట్టింది.

మద్రాసులో అప్పుడు ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ అనే ఇంజినీరింగ్ ప్రొఫెసర్ ఉండేవాడు. 1850లో అలెగ్జాండర్ హంటర్ అనే డాక్టరు మొదలుపెట్టిన స్కూల్ ఆఫ్ ఆర్ట్స్ ఆయన చేతికి వచ్చింది. బొమ్మలు గీయడం, మట్టిపని, లోహపు పని నేర్పే చోటు అది. చాటర్టన్ బొమ్మలు పక్కనపెట్టి, సర్కారును ఒప్పించి, అల్యూమినియం రేకులు తెప్పించి కంచరి పనివాళ్ల ముందు పెట్టాడు.

ఆ మొదటి రోజును నేను చాలాసార్లు ఊహించుకున్నాను. చేతిలోకి తీసుకోగానే ఆ పనివాడు నవ్వి ఉంటాడు. ఇత్తడిలో మూడోవంతు బరువైనా లేదు. ఇదేం లోహం, ఊదితే ఎగిరిపోయేట్టుందని ఉంటాడు. సుత్తి వేస్తే మాత్రం మాట విన్నది, ఇత్తడి కంటే మెత్తగా సాగింది. అతికేటప్పుడు అసలు పేచీ. కంచరి బిందె చేసేది పైముక్క, కింది ముక్క వేరుగా కొట్టి, వెలిగారం వేసి అతికి. అల్యూమినియానికి గాలి తగిలిన మరుక్షణం ఒంటి మీద సన్నటి పొర కడుతుంది, ఆ పొర మీద మామూలు అతుకు నిలవదు. అదే పొర పాత్రను కాపాడేదీ, కళాయి అక్కర్లేకుండా చేసేదీ. ఇక చేసేదేముంది, ఒకే రేకుతో గిన్నె లాగడం, పిడి కావాలంటే రివెట్లు కొట్టడం. మన సత్తు గిన్నె పిడికి ఆ రెండు మూడు రివెట్లు ఎందుకుంటాయో ఈసారి తోమేటప్పుడు గుర్తుచేసుకోండి. వాటి చుట్టూ జిడ్డు పేరుకుంటుందని తిట్టుకునేవాళ్లలో నేనూ ఉన్నాను.

గిన్నెలు అమ్ముడుపోయాయి. ఎంతగా అంటే, 1903లో సర్కారు ఆ విభాగాన్ని ఇండియన్ అల్యూమినియం కంపెనీకి అప్పగించేసింది. దారి చూపడం మా పని, దుకాణం నడపడం మీ పని అన్నమాట. చాటర్టన్ ఊరుకోలేదు. క్రోమ్ తోలు, మగ్గాలు, బావుల మీద ఆయిలింజన్లు, ఒకదాని తర్వాత ఒకటి పట్టుకున్నాడు. సర్కారే సరుకు చేస్తే మా వ్యాపారం ఏం కావాలని మద్రాసు తెల్ల వర్తకులు గొడవపడ్డారు. 1910లో లండన్ నుంచి మోర్లీ ప్రభువు తాఖీదు వచ్చింది: సర్కారు పరిశ్రమలు పెట్టకూడదు, నేర్పితే చాలు. చాటర్టన్ మైసూరు వెళ్లిపోయాడు. ఆర్థిక చరిత్రకారులు ఆ తాఖీదు గురించి పేజీలకు పేజీలు రాశారు. ఆ గిన్నెల్లో మొదటిసారి పులుసు పెట్టిన ఇల్లాలు ఏమందో ఎవరూ రాయలేదు.

అయితే భాష గుర్తుపెట్టుకుంది. కొన్నిచోట్ల దాన్ని ‘సీవెండి’ అన్నారు, అంటే సీమ వెండి. నిజానికి ఎంత సరైన పేరో! గిన్నె కొట్టింది మద్రాసు చేతులే, లోహం మాత్రం ఓడ దిగినది. స్వదేశీ ఉద్యమం ఉధృతంగా నడుస్తున్న రోజుల్లోనూ అంతే. కేరళలో ఆల్వే దగ్గర అలుపురంలో 1943లో కొలిమి వెలిగేదాకా మన దేశంలో అల్యూమినియం తీసిందే లేదు. మిగతాచోట్ల ‘సత్తు’ అన్నారు. సత్తు అంటే అప్పటికి తగరం జాతి లోహం, చారు కాచే సత్తు గిన్నె అదే. కళాయిని ఇంట్లోంచి పంపేసిన లోహానికి కళాయి లోహం పేరే పెట్టుకున్నాం. చెల్లని నాణేన్ని సత్తు రూపాయి అన్నదీ మనమే కాబట్టి, ఆ పేరులో కొంచెం వెటకారం కూడా ఉందేమో.

పూజగదిలోకి దాన్ని రానివ్వలేదు. హోటళ్లు, హాస్టళ్లు, పెళ్లి వంటలు ఎత్తుకున్నాయి. తేలిక, చవక, వేడి గబుక్కున పాకుతుంది. లోపం కూడా ఉంది. పులుపు, వంటసోడా, ఈ రెండూ ఆ పైపొరను తినేస్తాయి. సత్తు గిన్నెలో అన్నం వార్చండి, పాలు కాచండి, పులుసు పెట్టి రాత్రంతా మాత్రం ఉంచకండి. సోడా వేసి తోమితే నల్లబడుతుంది, తరవాత ఎంత పీచుతో రుద్దినా లాభం లేదు.

ఇక్కడి నుంచి నా కథ వరస తప్పుతుంది, ఎందుకంటే వంటిల్లే వరస తప్పింది. 1913లో షెఫీల్డ్‌లో హ్యారీ బ్రేర్లీ తుపాకీ గొట్టాలు అరిగిపోకుండా ఏదో చేయబోయి తుప్పుపట్టని ఉక్కు దగ్గర తేలాడు. అది మన వీధిలోకి వచ్చేసరికి పాత బట్టలకు స్టీలు సామాన్లిచ్చే బుట్టలో ఉంది. పట్టుచీర జరీ చూసి చిన్న టిఫిన్ క్యారేజీ ఇచ్చేవాళ్లు. మా ఇంట్లో ఇత్తడి గుండిగలు తూకానికి వెళ్లి స్టీలు డబ్బాలై తిరిగొచ్చాయి. ఆరోజు ఇల్లంతా ఎంత సంబరమో. ఈ లోపల 1959లో హాకిన్స్ కుక్కరు మొదలైంది. లండన్‌లో డెనిస్ పాపిన్ ఆవిరి పాత్ర చేసింది 1679లో, కాబట్టి మన పప్పుదాకా రావడానికి 280 ఏళ్లు పట్టింది. 1938లో ప్లంకెట్ అనే అమెరికా రసాయన శాస్త్రవేత్త అనుకోకుండా పట్టుకున్న టెఫ్లాన్ ఇంకో గొడవ. నా మొదటి నాన్‌స్టిక్ పెనం మీద మా చుట్టాలావిడ అట్లకాడతో దోసె తీసింది. పెనం వయసు అప్పటికి పదకొండు రోజులు.

పండగ బేరం మాట మరిచిపోలేదు. స్టీలు గిన్నెకు అయస్కాంతం అంటుకోకపోతే మంచిదని కొట్లో చెబుతారు. అది సగం నిజం. నూటికి పద్దెనిమిది పాళ్ల క్రోమియం, ఎనిమిది పాళ్ల నికెల్ ఉన్న 304 రకానికి అయస్కాంతం అంటదు. నికెల్ తగ్గించి మాంగనీస్ పెంచిన చవక 200 రకానికీ అంటదు. అందుకని అడుగున ముద్ర చూడండి. 2024 మార్చిలో వచ్చిన కేంద్రం ఉత్తర్వుతో స్టీలు, అల్యూమినియం వంటపాత్రలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. ఇండక్షన్ పొయ్యి ఉన్నవాళ్లకు మాత్రం అయస్కాంతం అంటే అడుగే కావాలి. స్టీలుకు వేడి సరిగ్గా పాకదు, అల్యూమినియంలో పదో వంతు కూడా పాకదు. మంట తగిలిన చోటే పప్పు మాడేది అందుకే. అడుగున రాగో, అల్యూమినియమో మందంగా పొదిగినది తీసుకోండి. చల్లటి నీళ్లలో ఉప్పు వేసి వదిలేస్తే మంచి స్టీలుకు కూడా చుక్కలు పడతాయి, నీళ్లు మరిగాక వేయండి. నాన్‌స్టిక్ ఖాళీగా మంట మీద పెట్టకండి, గీతలు పడ్డాక దాచుకోకండి. ఇనప మూకుడు కడిగి, తుడిచి, పొయ్యి మీద ఆరబెట్టి, చుక్క నూనె రాసి పెడితే మీ మనవరాలికీ పనికొస్తుంది.

ఇత్తడి ఇప్పుడు మళ్లీ ఫ్యాషను. తూకానికి వేసినవాళ్లే మాల్‌లో అద్దాల వెనక చూసి నిట్టూరుస్తున్నారు. కొంటే కొనండి. కళాయి పూతకు 232 డిగ్రీలు తగిలితే కరిగిపోతుందని మాత్రం గుర్తుంచుకోండి. నీళ్లో, నూనెనో పోయకుండా పొయ్యి మీద పెట్టకూడదు, పోపుకు వాడకూడదు.

తూకానికి వెళ్లకుండా మిగిలిన గుండిగ ఒకటి మా అటక మీద దొరికింది. అడుగున మా నాయనమ్మ పేరు చుక్కలు చుక్కలుగా కొట్టి ఉంది. లోపల కళాయి పూర్తిగా పోయింది. ఇవాళ బేగంబజార్ పక్కసందులో కళాయి పోసే ఒకాయన దగ్గరికి తీసుకెళ్లాను. రంజాన్‌కు ముందు హలీం డేగ్‌లు, మిగతా రోజుల్లో నాలాంటివాళ్లవి. తిప్పితిప్పి చూసి, ‘‘ఇండ్ల ఏం వండుతరమ్మా?’’ అన్నాడు. పులుసన్నాను.

‘‘పులుసైతే రెండు చేతులు ఎయ్యాలె. రేపు పొద్దుమీకి రా.’’

ఈ వ్యాసం ఇవ్వాల్సిందీ రేపు సాయంత్రానికే.