మంద కాపరి చూపు

నల్లమల అంచున, 2022లో గుంటూరు జిల్లా నుంచి వేరుపడిన పల్నాడులో ఉన్న బొల్లాపల్లి ప్రాంతానికి పశుపోషణ పాత జీవనాధారం కాగా, మేత వెతుక్కుంటూ మందలు సాగించిన వలసలే యాదవ వీరుడు కాటమరాజుకూ నెల్లూరు పాలకుడు నల్లసిద్ధికీ వైరం తెచ్చాయని గొల్లల వీరగాథలు చెబుతాయి. క్రూరమృగాలకు ఆహారమయ్యే జీవాలు బాధను పైకి కనబడనీయవు కనుక, కాపరి మొదట గమనించేది నెమరును, అనగా మింగిన మేతను తిరిగి నోటిలోకి తెచ్చుకొని నమలడాన్ని. అది ఆగి, గొర్రె చెవులు వాల్చి, పళ్లు కొరుకుతూ మందకు ఎడంగా నిలిచిందంటే దానికి జబ్బో బెదురో పట్టుకుందని గ్రహిస్తాడు. ఇదే చూపు ఇతర పెంపుడు జీవాలకూ పనికొస్తుంది: ఆండీస్ పర్వతాలలో వేల ఏళ్ల క్రితం మచ్చికైన గినీ పందులు నెమరు వేయకపోయినా, ఒకే గూటిలో పెరిగేటప్పుడు మేత మానడం, మూలన నక్కడం, తోటిదానిని తరమడం వంటి గుర్తులతోనే తమ ఒత్తిడిని తెలుపుతాయి. మూగజీవి బాధను ముందుగానే పసిగట్టే ఈ కాపరి విద్యకు పల్నాటి చరిత్రలో వీరుల సరసన గౌరవస్థానం దక్కాలి.