రగ్బీ లీగ్ ప్రపంచ కప్

రగ్బీ లీగ్ ప్రపంచ కప్ పదమూడుగురేసి ఆటగాళ్లున్న జాతీయ జట్ల మధ్య జరిగే పోటీ. 1954లో ఫ్రాన్స్‌లో మొదలైంది. పదిహేను మంది ఆడే రగ్బీ యూనియన్‌కు ప్రపంచ కప్ 1987లో గానీ రాలేదు.

రగ్బీ రెండుగా చీలడానికి కారణం కూలి డబ్బు. ఉత్తర ఇంగ్లండ్‌లో గనుల్లో, మిల్లుల్లో పనిచేసేవాళ్లు ఆటకు వెళ్తే ఆ పూట కూలి పోయేది. దాన్ని క్లబ్బులు కట్టివ్వడానికి రగ్బీ పెద్దలు ఒప్పుకోలేదు. 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్‌లోని జార్జ్ హోటల్లో సమావేశమై ఉత్తరాది క్లబ్బులు వేరుపడ్డాయి. 1906లో జట్టును పదమూడుగురికి కుదించారు. ఇప్పటి నియమాల ప్రకారం, పట్టుబడినవాడు లేచి బంతిని కాలితో వెనక్కి తోస్తే ఆట సాగుతుంది. ఆరో పట్టుతో బంతి ఎదుటి జట్టుకు పోతుంది. చాగలమర్రి, ఆళ్లగడ్డ పల్లెల్లో కబడ్డీ చూసినవారికి ఈ ఆరాటం తెలుసు: అక్కడ కూత ఆగేలోగా గీత చేరాలి, ఇక్కడ ఆరు పట్టులలోపు గీత దాటాలి.

ప్రపంచ కప్ కోసం పట్టుబట్టినవాడు ఫ్రెంచ్ సమాఖ్య అధ్యక్షుడు పాల్ బారియేర్. తొలి పోటీలో ఆడినవి నాలుగే జట్లు: ఫ్రాన్స్, బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్. పేరున్న ఆటగాళ్లు చాలామంది రాకపోయినా, డేవ్ వాలెంటైన్ నాయకత్వంలో బ్రిటన్ పారిస్ ఫైనల్లో ఫ్రాన్స్‌ను 16-12తో ఓడించింది. 1960లో మళ్లీ గెలిచింది. 1972లో ఆస్ట్రేలియాతో ఫైనల్ అదనపు సమయం తర్వాత కూడా 10-10 దగ్గరే ఆగితే, లీగ్ దశలో ముందున్నందుకు కప్పు బ్రిటన్‌దే అయింది. ఆ జట్టు నాయకుడు క్లైవ్ సల్లివన్ బ్రిటన్ జాతీయ జట్టుకు సారథ్యం వహించిన తొలి నల్లజాతీయుడు. కప్పు మాత్రం అప్పటికి చేతిలో లేదు. 1970లో బ్రాడ్‌ఫర్డ్‌లోని ఒక హోటల్లో దొంగతనానికి గురై, ఇరవై ఏళ్లకు అక్కడికి దగ్గర్లోనే ఒక గుంటలో దొరికింది.

తర్వాతి కాలమంతా ఆస్ట్రేలియాదే. 2021 పోటీ వరకు జరిగిన పదహారింటిలో పన్నెండు ఆ దేశమే గెలిచింది. బ్రిటన్ మూడుసార్లు, న్యూజిలాండ్ 2008లో ఒక్కసారి నెగ్గాయి. ఒకే జట్టు ఇంతగా ఏలడం పోటీకి మేలు చేయలేదు. 1995లో పది జట్లకు, 2000లో పదహారుకు పెంచినప్పుడు చిన్న దేశాలు చిత్తుగా ఓడాయి. అయినా వాటికి తలుపు తెరవడమే సరైన పని అని పసిఫిక్ దీవులు తేల్చాయి. 2017లో టోంగా న్యూజిలాండ్‌ను ఓడించింది. కరోనా వల్ల 2022కు వాయిదాపడిన పోటీలో సమోవా తొలి మ్యాచ్‌లో ఇంగ్లండ్ చేతిలో 60-6తో కుప్పకూలింది. సరిగ్గా నాలుగు వారాలకు సెమీఫైనల్లో అదే ఇంగ్లండ్ ఎదురైంది. ఆట అదనపు సమయానికి వెళ్లింది. స్టీఫెన్ క్రైటన్ కాలితో కొట్టిన బంతి గోల్ స్తంభాల మధ్య నుంచి దాటడంతో సమోవా 27-26తో గెలిచింది. ఫైనల్లో ఆస్ట్రేలియా చేతిలో 30-10తో ఓడినా, సుమారు రెండు లక్షల జనాభా గల దేశం అంతదాకా రావడం ఈ పోటీ చరిత్రలోకెల్లా గొప్ప ఘట్టం.

మహిళల ప్రపంచ కప్ 2000లో, చక్రాల కుర్చీ ఆటగాళ్లది 2008లో మొదలయ్యాయి. 2022లో మూడూ కలిపి నిర్వహించారు. చక్రాల కుర్చీ ఫైనల్లో ఇంగ్లండ్ ఫ్రాన్స్‌ను 28-24తో ఓడించింది.

పోటీకి పుట్టినిల్లయిన ఫ్రాన్స్ ప్రభుత్వ ఆర్థిక హామీ దొరక్క 2025 ఆతిథ్యాన్ని వదులుకుంది. దాంతో తర్వాతి ప్రపంచ కప్‌ను 2026లో ఆస్ట్రేలియాకు కేటాయించారు.