కరగకుండానే నగైన వెండి

వెండి కరగాలంటే 962 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. మూసలో కరిగించడం, కడ్డీ పోయడం, సుత్తితో సాగగొట్టడం, టంకం పెట్టి అతకడం: వెండిపని తరతరాలుగా ఇలాగే నడిచింది. 1990ల తొలినాళ్లలో జపాన్‌లోని మిత్సుబిషి మెటీరియల్స్‌కు చెందిన లోహ శాస్త్రవేత్త మసాకీ మొరికావా మాత్రం మట్టిముద్దలా వేళ్లతో మలచగల లోహాన్ని తయారుచేయాలని పూనుకున్నాడు.

ఆయన పట్టుకున్న సూత్రం కొత్తదేమీ కాదు. లోహపు పొడిని కరిగే వేడికి కాస్త దిగువన కొంతసేపు ఉంచితే, రేణువులు తాకే చోటల్లా పరమాణువులు జరిగి ఒకదానికొకటి అతుక్కుపోతాయి. పరిశ్రమల్లో దీన్నే సింటరింగ్ అంటారు. మొరికావా మెత్తని లోహపు పొడిలో నీళ్లు, మంటలో కాలిపోయే బంక కలిపి ముద్ద చేశాడు. ముందు బంగారంతో కుదిరింది, ఆ తర్వాత వెండితో.

చిక్కంతా కుంచించుకుపోవడంతోనే వచ్చింది. మొదటి రకంలో బంక ఎక్కువ. అది కాలిపోగానే ముద్ద దాదాపు 28 శాతం తగ్గేది. 30 మిల్లీమీటర్ల పతకం చేస్తే చేతికొచ్చేది 22 కూడా ఉండదు. పైగా 900 డిగ్రీల కొలిమిలో రెండు గంటలు కాల్చాలి. బంక తగ్గించి, రేణువులు దగ్గరగా సర్దుకునేలా చేశాక ఆ తరుగు పది, పన్నెండు శాతానికి దిగింది. ఐదా కెమికల్ ఇండస్ట్రీస్ అనే మరో సంస్థ అమ్మే ఆర్ట్ క్లే అనే వెండి ముద్దలో ఒక రకం 650 డిగ్రీల దగ్గర అరగంటలో గట్టిపడుతుంది. నా దృష్టిలో అసలు మలుపు ఇదే. కొలిమి లేనివాళ్లు కూడా చిన్న నగను ఇటుక మీద పెట్టి గ్యాస్ మంటతో కాల్చుకోగలిగారు. అమెరికాలో లోహకళాకారుడు టిమ్ మెక్‌క్రైట్ శిక్షణతో, రచనలతో ఈ ముద్దను చాలామందికి పరిచయం చేశాడు.

పని చూడముచ్చటగా ఉంటుంది. వేళ్లకు అంటకుండా కొంచెం నూనె రాసుకుని, ముద్దను రేకులా ఒత్తి, ఈనెలు తేలిన ఆకును దాని మీద అదమాలి. పూర్తిగా ఆరాక అంచులను ఉప్పుకాగితంతో నున్నగా రుద్దాలి. మంట తగలగానే బంక పొగలు కక్కి, చిన్నగా అంటుకుని ఆరిపోతుంది. నగ తెల్లబడి, నెమ్మదిగా నారింజ రంగుకు తిరుగుతుంది. అక్కడే నిలపాలి. పైన పాదరసంలా మెరుపు పాకిందంటే వెండి కరగబోతోందన్నమాట, మంట వెంటనే వెనక్కి తీయాలి. చల్లారాక సున్నం కొట్టినట్టు తెల్లగా కనిపిస్తుంది. అది గరుకుదనం వల్ల వచ్చే తెలుపు. ఇత్తడి తీగల బ్రష్‌తో తోమితే వెండి మెరుపు బయటపడుతుంది.

కంచు, రాగి ముద్దలు ఆలస్యంగా వచ్చాయి. గాలి తగిలితే ఆ పొడులు ఆక్సీకరణ చెంది అతుక్కోవు. 2008లో బిల్ స్ట్రూవ్ తెచ్చిన కంచు ముద్దను స్టీలు గిన్నెలో, కొబ్బరి చిప్పల నుంచి చేసిన బొగ్గులో పూడ్చి కాలుస్తారు. అక్కడి ఆక్సిజన్‌ను బొగ్గే తినేస్తుంది.

అయితే ఇలా అతికిన వెండిలో సన్నని రంధ్రాలు మిగులుతాయి. సాగగొట్టిన వెండికున్నంత బలం దీనికి రాదు. అందుకే ఉంగరం చేసేవాళ్లు కాస్త మందంగానే ఒత్తుకోవాలి.