కరువు సీమలో పెళ్ళికూతురి ఫలహారం

లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు మీది చిత్రంలో పార్వతి పెళ్ళికి ముస్తాబవుతోంది. చుట్టూ చెలికత్తెలు. వాళ్ళ చీరల మీది చారలు, గళ్ళు, పువ్వులు దాదాపు ఐదు వందల ఏళ్ళ తర్వాత కూడా నేతగాళ్ళకు నమూనాలవుతున్నాయి. విజయనగరాన్ని అచ్యుతదేవరాయలు ఏలిన రోజుల్లో (1529–1542) పెనుకొండ సీమ అధికారిగా ఉన్న విరూపణ్ణ ఈ గుడి కట్టించాడు. అదే ఆవరణలో శివపార్వతుల పెళ్ళి కోసం మొదలుపెట్టిన కల్యాణ మండపం పైకప్పు లేకుండా మిగిలిపోయింది. దాని స్తంభాల మీద పెళ్ళికి తరలివచ్చిన దేవతలు, మునులు నిలబడి ఉన్నారు. ఇంకాస్త పక్కకు వెళితే నేల బండ మీదే తొలిచిన పళ్ళేలు కనిపిస్తాయి. శిల్పులు వాటిలోనే అన్నం తినేవారని ఊళ్ళో చెబుతారు.

పెళ్ళికూతురు, చుట్టాలు, పందిరి, పళ్ళేలు అన్నీ ఒక్కచోటే ఉన్నాయి కదా, ఈ ఎండిన నేల మీద ముత్తైదువల చేతిలో ఏం పెట్టి ఉంటారన్న కుతూహలం నాకు అక్కడే పుడుతుంది. దానికి జవాబు రాతిలో దొరకదు. పొలంలో, గానుగలో, రోట్లో, పొయ్యి మీద వెతకాలి.

పెళ్ళికి ముందు ఆడవాళ్ళంతా చేరి కాబోయే పెళ్ళికూతురికి కానుకలిచ్చి వేడుక చేసే బ్రైడల్ షవర్ 19వ శతాబ్దం చివర్లో అమెరికా పట్టణాల్లో అలవాటుగా మారింది. డాలస్‌లో, న్యూజెర్సీలో మన పిల్లలూ దాన్ని చేసుకుంటున్నారు. అక్కణ్ణుంచి అది బెంగళూరు, హైదరాబాదు అపార్ట్‌మెంట్లకు వచ్చింది. అనంతపురం ఫంక్షన్ హాళ్ళకూ వచ్చేసింది. పళ్ళెంలో ఏం పెట్టాలన్న ప్రశ్న వచ్చేసరికి కీరా శాండ్‌విచ్చులు, కప్‌కేకులు, చీజ్ గుచ్చిన పుల్లలు ముందుకొస్తాయి. ఆ వేడుక మీద నాకు ఫిర్యాదేమీ లేదు. ఆడవాళ్ళు ఒక పూట తమకోసం తాము కూర్చోవడం ఎక్కడ జరిగినా మంచిదే. కానీ ఆ పూటకు తగిన తిండిని ఈ సీమ ఎప్పుడో సిద్ధం చేసి పెట్టుకుంది. దాన్ని అతిథుల ముందు పెట్టడానికి మొహమాటపడటమే నాకు బాధ.

పెళ్ళికూతురిని చేసే రోజు ఇల్లు ఎలా ఉంటుందో చూడండి. తెల్లవారకముందే తలంటు, నలుగు. ఐదుగురు ముత్తైదువలు పసుపు దంచుతుంటారు. గాజులాయన వసారాలో మలారం విప్పి కూర్చుంటాడు. ఒకరి చేతికి నూనె, ఇంకొకరి చేతికి పసుపు, మరొకరి చంకలో పిల్లాడు. ఆకు వేసి బంతిగా కూర్చోబెట్టడానికి తీరిక ఉండదు. ఇటు నుంచి అటు పోతూ రెండు వేళ్ళతో అందుకుని నోట్లో వేసుకునేదే ఆ పూట తిండి. చీర మీద కారకూడదు, చేతికి అంటకూడదు, చెయ్యి కడగడానికి చెంబు నీళ్ళు అడగకూడదు. కడవ నీళ్ళకు మైలు నడిచే ఊళ్ళలో ఆ చివరి సంగతి చిన్నదేమీ కాదు.

అనంతపురం వానచాటు సీమ. ఏడాది సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్ల దగ్గర తిరుగుతుంది, అదీ సమంగా పడదు. పశుగ్రాసం దొరికితే పాలు, దొరక్కపోతే లేవు. కోవా మిఠాయిలు ఇక్కడి పెళ్ళిళ్ళలో పాతుకోకపోవడానికి కారణం ఇదేనని నా నమ్మకం. నిలవ ఉండేదే మర్యాద. పెళ్ళికి పది రోజుల ముందు చేసి డబ్బాల్లో సర్దింది పెళ్ళి అయ్యాక పది రోజులకు కూడా కరకరమనాలి. ఎండబెట్టడం, వేయించడం, బెల్లం పాకంలో కలపడం, ఈ మూడు పనులతోనే ఇక్కడి వంట నడిచింది. శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు అతిథులకు పెట్టే వానాకాలపు భోజనంలో వడియాలు, వరుగులు ఉన్నాయి. అంత సామ్రాజ్యం ఏలిన రాజు కూడా ఎండబెట్టిన కూరగాయను కావ్యంలోకి తెచ్చుకున్నాడంటే, ఈ పీఠభూమి మీద దాచుకున్న తిండికి ఉన్న గౌరవం అర్థమవుతుంది.

ఇక ఓళిగ. కోస్తా వాళ్ళకు బొబ్బట్టు, మరికొన్ని చోట్ల భక్ష్యం, కన్నడ ఇళ్ళలో హోళిగె, ఒబ్బట్టు. 12వ శతాబ్దంలో పశ్చిమ చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు రాయించిన మానసోల్లాసంలోనే పూర్ణం పెట్టిన పోళిక ప్రస్తావన ఉంది. ఇవాళ్టి అనంతపురం ప్రాంతంలోని హేమావతి అంతకుముందు నొళంబుల రాజధాని. కన్నడ, తెలుగు రాజ్యాలు ఈ నేల మీద ఒకదాని మీద ఒకటి పరుచుకుంటూ వచ్చాయి. ఓళిగ ఆ రెండు ఇళ్ళ ఆడపడుచు.

శనగపప్పో కందిపప్పో మరీ మెత్తబడకుండా, పలుకు పోయేదాకా మాత్రమే ఉడకాలి. నీళ్ళు వార్చి, బెల్లం వేసి మళ్ళీ పొయ్యి మీద తడి ఆరనిచ్చి రుబ్బుతారు. పైపిండిని నూనెలో నానబెడతారు, ఎంత నానితే అంత సాగుతుంది. అరటాకు మీద వేళ్ళతో తట్టేటప్పుడు పూర్ణం అంచుదాకా వెళ్ళాలి, పిండి మాత్రం చిరగకూడదు. అంచున ఉత్త పిండి మిగిలితే పెద్దవాళ్ళ కంటికి వెంటనే దొరికిపోతుంది. వార్చిన పప్పునీళ్ళను పారబోయరు. చింతపండు, కాస్త పూర్ణం, మిరియాలు, కరివేపాకు పడి అది ఓళిగల చారు అవుతుంది. ఒక్క గిన్నె పప్పుతో తీపీ పులుసూ రెండూ తయారు. నీటి విలువ తెలిసిన వంటింట్లోనే ఇలాంటి చారు పుడుతుంది. పెళ్ళిళ్ళలో ఓళిగను పళ్ళెమంత చేస్తారు గానీ, ముత్తైదువల పూటకు అరచేతిలో ఇమిడేంత తట్టి, నెయ్యి పూసి నాలుగు మడతలు పెట్టి ఇస్తే వేళ్ళ మధ్య హుందాగా నిలుస్తుంది.

అరిసె సంగతి వేరు. దాన్ని చూసి ఈ సీమ చరిత్ర చెప్పవచ్చు. ఒకప్పుడు ఇక్కడ వరి అందరి తిండీ కాదు. కొర్ర, జొన్న, సజ్జ, రాగి, ఆరిక, ఇవే అప్పటి రోజువారీ కూడు. చెరువు కింద ఉన్న కొద్ది మళ్ళ వడ్లు ఉన్నవాళ్ళ ఇంటికి పోయేవి. 1876–78 నాటి ధాత కరువు వచ్చినప్పుడు ఈ ప్రాంతం ఇంకా బళ్ళారి జిల్లాలో ఉంది, అనంతపురం జిల్లా ఏర్పడింది 1882లో. ఆ కరువులో కరువు పనులకు వచ్చిన కూలీకి రోజుకు ఒక్క పౌను ధాన్యం చాలని 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ కూలి తగ్గించాడు. 1952లో రాయలసీమ మళ్ళీ గంజి కేంద్రాల ముందు నిలబడింది. వరన్నం పేద ఇంట్లో రోజువారీ తిండి కావడం 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చాకే. అలాంటి చోట కొత్త బియ్యం నానబోసి, దంచి, నూనెలో వేసి, చుట్టాలందరికీ పంచడమంటే ఆ కుటుంబం ఎన్నేళ్ళుగా కూడబెట్టింది బయట పెడుతోందో ఊహించుకోండి. సారెలో ఎన్ని అరిసెలు పెట్టారన్నది ఊరంతా లెక్కపెట్టేదంటే అది గొప్పలకు మాత్రమే కాదు.

బియ్యం రాత్రంతా నానాలి. నీళ్ళు వార్చాక తడి ఆరకముందే దంచాలి. రోలు చుట్టూ ఇద్దరు ముగ్గురు, జల్లెడ దగ్గర ఒకరు, పాకం దగ్గర ఇంటికి పెద్దామె. చల్లనీళ్ళలో వేసిన పాకం చుక్క వేళ్ళకు ఉండలా రావాలి. లేతదైతే అరిసె నూనెలో విడిపోతుంది, ముదిరితే రాయి. "పాకం వచ్చిందేమో చూడుమ్మే" అని పిలిచినప్పుడు పదేళ్ళ పిల్ల కూడా పరుగెత్తుకొచ్చి వేలు పెట్టి చూస్తుంది. ఆ పిల్ల పెద్దదై పెళ్ళికూతురయ్యే నాటికి వేలికే పాకం తెలుస్తుంది. నూనెలోంచి తీసిన అరిసెను రెండు చెక్కల మధ్య వత్తి నూనె పిండుతారు. ఆ నూనె మళ్ళీ బాండలిలోకే పోతుంది.

బియ్యం లేని ఇళ్ళు ఊరుకోలేదు. సజ్జపిండితో బూరెలు చేసుకున్నారు, కొర్రబియ్యంతోనూ అరిసెలు వత్తారు. సజ్జ బూరె నల్లగా ఉంటుందని తీసిపారేసినవాళ్ళు ఇప్పుడు వెతుక్కుంటూ వస్తున్నారు. నా నాలుకకు తెలిసినంతవరకు, వేడి సజ్జ బూరెలోని మట్టి వాసన కలిసిన తీపికి మరొకటి సాటి రాదు. ఇంకా లేని ఇళ్ళలో బొరుగులు, పుట్నాల పప్పు, బెల్లంముక్క, ఉడికించిన అలసంద గుగ్గిళ్ళు. ముత్తైదువ కొంగులో ఇవే పోసేవారు. ఉన్నింటి పిండివంటలకు రోకలి పట్టిన చేతులు చాలాసార్లు ఈ ఇళ్ళ నుంచే వచ్చాయి. అరిసె గురించి రాసేటప్పుడు ఆ చేతుల్ని వదిలేయడం అన్యాయం.

నూనె బాండలి నిండుగా మరగడం ఈ సీమలో మరీ పాత ముచ్చట కాదనుకుంటాను. నువ్వులు, కుసుమలు, ఆముదాల గానుగలున్న కాలంలో నూనె కొద్దికొద్దిగా వాడుకునే వస్తువు. వేరుశెనగ దక్షిణ అమెరికా పంట, పోర్చుగీసు ఓడల కాలంలో మన తీరాలకు చేరింది. 19వ శతాబ్దం రెండో సగంలో పుదుచ్చేరి నుంచి ఫ్రాన్సులోని మార్సెయ్ నూనె మిల్లులకు, సబ్బు కార్ఖానాలకు కాయలు పోతుండేవి. ఆ గిరాకీ తమిళ జిల్లాల నుంచి లోపలికి పాకి, 20వ శతాబ్దంలో అనంతపురం ఎర్రనేలలను కమ్మేసింది. తమిళ జిల్లాల్లోని తిండివనం పరిశోధన కేంద్రం 1940లో ఇచ్చిన టీఎంవీ-2 రకాన్ని ఇక్కడి రైతు దశాబ్దాలపాటు వదల్లేదు. ఆ తర్వాత కదిరి పరిశోధన కేంద్రం రకాలు వచ్చాయి. ఒక దశలో అప్పటి అనంతపురం జిల్లాలో 8 లక్షల హెక్టార్ల దాకా ఇదే పంట. కొర్ర, సజ్జ చేలను మింగింది ఇదే. రైతును అప్పుల్లోకి దింపిందీ ఇదే. కానీ పెళ్ళింటి పొయ్యి మీదికి నూనెను తెచ్చింది కూడా ఇదేనని ఒప్పుకోవాలి.

ఆ నూనె వల్లే నిప్పట్టు సారెలోకి సగౌరవంగా వచ్చింది. బియ్యప్పిండి, పుట్నాల పొడి, నువ్వులు, కారం, కరివేపాకు, దోరగా వేయించి కచ్చాపచ్చాగా నలగ్గొట్టిన చెనక్కాయ విత్తనాలు. పిండిలో కాచిన నూనె పోసి కలిపితే కరకరలాడుతుంది, నీళ్ళు ఎక్కువైతే మెత్తబడుతుంది. మంట తగ్గించి ఓపికగా కాల్చాలి. నాలుగు రకాల తీపి తిన్న నోటికి ఒక్క నిప్పట్టు చాలు, మళ్ళీ తీపి వైపు చెయ్యి పోతుంది. దాని పక్కనే కర్జికాయ. ఎండుకొబ్బరి, నువ్వులు, పుట్నాలు, బెల్లం దంచి లోపల పెట్టి, అంచును గోటితో మడత మీద మడతగా అల్లుతారు. అల్లిక విచ్చుకుంటే నూనె అంతా పాడవుతుంది కాబట్టి అంచు పని చేయి తిరిగినవాళ్ళకే అప్పగిస్తారు. నునుపైన చంద్రవంకలా వచ్చిన కర్జికాయ ముందు ఏ బేకరీ టార్టూ నిలవదు.

చలిమిడి, చిమ్మిలి నూనె అడగవు. తడి బియ్యప్పిండిలో బెల్లం, నెయ్యి కలిపితే చలిమిడి. నువ్వులు, బెల్లం కలిపి దంచితే చిమ్మిలి. అత్తవారింటికి వెళ్ళే పిల్ల ఒడిలో బియ్యంతోపాటు ఈ చలిమిడి కూడా చేరుతుంది. కడుపు చల్లగా ఉండాలని పెద్దవాళ్ళ మాట. ఉసిరికాయంత ఉండలు చేసి తమలపాకు మీద ఒక్కొక్కటి పెట్టి ఇస్తే అంతకంటే అందమైన అమరిక అక్కర్లేదు.

ఇప్పుడు సారె ఇంట్లో చేసేవాళ్ళు తగ్గారు. అనంతపురం, ధర్మవరం, హిందూపురంలో ఇళ్ళ నుంచే పిండివంటలు చేసి అమ్మే ఆడవాళ్ళకు పెళ్ళిళ్ళ కాలంలో ఊపిరాడదు. నేనిది నష్టంగా చూడను. ఒకప్పుడు కూలికీ, మొహమాటానికీ జరిగిన పని ఇవాళ కిలో లెక్కన డబ్బు తెస్తోంది. చిరుధాన్యాలూ తిరిగి వస్తున్నాయి. చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్, దానికి అనుబంధమైన ధరణి రైతుల సహకార సంఘం కొర్రలు, సామలు, వేరుశెనగలను సేంద్రియంగా పండించి అమ్మే దారి చూపాయి. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక నగరాల్లో కూడా వాటికి మర్యాద పెరిగింది.

ఈ సీమ పిల్లకు పెళ్ళిముందు వేడుక ఎక్కడ చేసినా పళ్ళెం ఇలా సర్దమంటాను. పొద్దున వచ్చినవాళ్ళకు చిన్న గిన్నెల్లో బొరుగుల ఉగ్గాణి, పక్కన వేలెడంత మిరపకాయ బజ్జీ. పదకొండు గంటలకు అరచేతి ఓళిగలు, గాజు గ్లాసుల్లో వేడి ఓళిగల చారు. గాజులు వేయించుకునే సమయానికి కర్జికాయలు, నిప్పట్లు. అరిసెల్ని రూపాయి బిళ్ళకు రెండింతలు మించకుండా వత్తించండి, అప్పుడు ఒక్క కాటుకు సరిపోతాయి. సజ్జ బూరెలు మాత్రం ముందురోజు చేయించవద్దు, ఆ పూటే కాలాలి. నిప్పట్ల పిండిలో వేసే విత్తనాలు కదిరి వైపు కొత్తకాయవైతే మంచిది. ఆర్డరు కనీసం వారం ముందు ఇవ్వాలి. బియ్యం నానాలి, బెల్లం ఎంచాలి, పాకం దగ్గర కూర్చోవడానికి పెద్దామెకు తీరిక కుదరాలి.